ఉక్కు కోసం కాల్పులు జరిగాక ఏమైంది? (ఉద్యమాల తర్వాత – 4వ భాగం)



గత మూడు భాగాల్లో కారంచేడు, చుండూరు, లక్షింపేట గురించి రాశాను. ఈసారి దళిత ఉద్యమం అని ఎవరూ పిలవని ఒక ఉద్యమం గురించి రాస్తున్నాను. విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు. ఈ నినాదం తెలియని తెలుగువాడు ఉండడు. కానీ ఆ నినాదానికి జరిగిన కాల్పుల తర్వాత ఏడేళ్ళలో ఈ రాష్ట్రంలో ఏం జరిగిందో ఒక్క వరసలో పెట్టి చూసినవాళ్ళు తక్కువ.

రాయడానికి కారణం ఒక ప్రశ్న. ఈ మధ్య హాస్టల్లో ఒక స్టడీ సర్కిల్‌కి పిలిస్తే వెళ్ళాను. పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. మాట్లాడటం అయ్యాక వెనక కూర్చున్న ఒక తమ్ముడు లేచి అడిగాడు. "అన్నా, 1966 నవంబర్లో పోలీసులు కాల్చారు, అంతమంది చనిపోయారు అంటారు. నాలుగు నెలల్లో ఎన్నికలు వచ్చాయి. మళ్ళీ కాంగ్రెస్సే గెలిచింది. అంటే జనానికి కోపం రాలేదా? చావులకి విలువ లేదా?"

అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకి జవాబే ఈ భాగం.

*

ముందు జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. విద్యార్థులకి తేదీలు కావాలి కాబట్టి తేదీలతోనే చెప్తాను.

దేశంలో ఐదో ఉక్కు కర్మాగారం ఎక్కడ పెట్టాలి అన్నది 1960ల మధ్యలో పెద్ద చర్చ. దక్షిణాదిలో సేలం, హోస్పేట, విశాఖ పోటీలో ఉన్నాయి. స్థలాన్ని పరిశీలించమని ఆంగ్లో–అమెరికన్ నిపుణుల బృందాన్ని నియమించారు. 1965లో వాళ్ళు విశాఖే అనువైనది అని చెప్పారు. కారణం సులువు. ఇక్కడ రేవు ఉంది. బైలడిల్లా గనుల నుంచి ఖనిజం తెచ్చే రైలు మార్గం కొత్తవలస – కిరండూల్ మధ్య అప్పటికే వేస్తున్నారు. ఆ ఖనిజం జపాన్‌కి ఎగుమతి చేయడానికి. అంటే ఖనిజం మన రేవు మీదుగా పోవడానికి ఇబ్బంది లేదు, ఇక్కడే కరిగించి ఉక్కు చేయడానికే ఢిల్లీకి సందేహాలు.

1966 కరువు, ధరల పెరుగుదలతో నడిచిన ఏడాది. జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. నాలుగో పంచవర్ష ప్రణాళిక వాయిదా పడింది. డబ్బు లేదు కాబట్టి కొత్త కర్మాగారం ఇప్పట్లో లేదు అన్న సంకేతం ఢిల్లీ నుంచి వచ్చింది. రాష్ట్ర శాసనసభ విశాఖలోనే పెట్టాలని జూలైలో ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఏకగ్రీవం అన్న మాట గుర్తుపెట్టుకోండి. అధికార పక్షం, ప్రతిపక్షం అందరూ చేతులెత్తారు. ఢిల్లీ కదల్లేదు.

అక్టోబర్ 15న గుంటూరు జిల్లాకి చెందిన గాంధేయవాది టి. అమృతరావు గారు విశాఖలో ఆమరణ దీక్షకి కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు, ఏవీఎన్ కాలేజీ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. తెన్నేటి విశ్వనాథం గారు, కమ్యూనిస్టులు, స్వతంత్రులు ఒక్క వేదిక మీదికి వచ్చారు. బందులు, రైల్‌రోకోలు రాష్ట్రమంతా పాకాయి.

నవంబర్ 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు ఏ రోజో గమనించారా? 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాష్ట్రానికి సరిగ్గా పదేళ్ళు నిండిన రోజున రాష్ట్ర పోలీసులు రాష్ట్ర యువకుల మీద కాల్పులు జరిపారు. విశాఖతో ఆగలేదు. గుంటూరు, విజయవాడ, కాకినాడ, అటు వరంగల్ దాకా నెత్తురు పారింది. రాష్ట్రం మొత్తం మీద 32 మంది అమరులు అని ఉద్యమం గుర్తుంచుకుంది.

నవంబర్ 3న ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారి హామీతో అమృతరావు గారు దీక్ష విరమించారు. ప్రతిపక్ష శాసనసభ్యులు పదుల సంఖ్యలో రాజీనామా చేశారు. ఎంపీలు కూడా కొందరు చేశారు.

మా నాయనమ్మ జ్ఞానాపురంలో ఉండేది. తాత పోర్టులో కళాసీ. నవంబర్ 1 గురించి ఆమె చెప్పేది ఒకటే. ఆ రోజు తాత రాత్రి దాకా ఇంటికి రాలేదు. పేటలో ఆడవాళ్ళందరూ రోడ్డు మలుపు దగ్గర నిలబడి మొగుళ్ళ కోసం చూశారు. "కాలేజీ బాబుల్ని కాల్చీసినారంట" అన్న మాట ముందు వచ్చింది, తాత తర్వాత వచ్చాడు. బూట్లు లేని కాళ్ళకి ఎర్ర దుమ్ము. ఖనిజం దుమ్ము. అది ప్రతి రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం నాయనమ్మ కాళ్ళు కడుగుతూ అది నెత్తురేమో అని భయపడిందట.

*

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం.

1967 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 287 స్థానాలకి కాంగ్రెస్ 165 గెలిచింది. స్వతంత్ర పార్టీకి 29. సీపీఐకి 11, సీపీఎంకి 9. ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంట్లు 68 మంది. విశాఖ లోక్‌సభ స్థానంలో మాత్రం కాంగ్రెస్ ఓడింది. తెన్నేటి విశ్వనాథం గారు ఇండిపెండెంటుగా గెలిచారు.

ఈ అంకెల్ని నెమ్మదిగా చదవండి. ఉద్యమానికి వెన్నెముకగా నిలబడి, పదవులు వదులుకున్న కమ్యూనిస్టులు కుదేలయ్యారు. 1962లో ఉమ్మడి పార్టీకి 51 సీట్లు ఉన్నాయి. ఇప్పుడు రెండు పార్టీలకీ కలిపి 20. కాల్పులు జరిపించిన ప్రభుత్వం సుఖంగా తిరిగి వచ్చింది.

ఎందుకు? నాకు కనిపించే కారణాలు మూడు.

ఒకటి, ప్రతిపక్షం అప్పటికే చీలి ఉంది. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండు ముక్కలైంది. చీలిన వెంటనే సీపీఎం నాయకుల్ని జైళ్ళలో పెట్టారు. వీధిలో ఒక్కటైనవాళ్ళు ఓటు దగ్గర ఒకరి మీద ఒకరు నిలబడ్డారు.

రెండు, ఊళ్ళల్లో ఓటు వేయించేది నినాదం కాదు, భూమి. కాపుకీ కమ్మకీ రెడ్డికీ రాజుకీ వెలమకీ ఊరి మీద ఉన్న పట్టు ఏ పార్టీతో ఉంటే ఓటు ఆ పెట్టెలో పడేది. మాల మాదిగ పల్లెల్లో పాలేరు ఓటు అతని చేతిలో ఉండేది కాదు. పట్నంలో లేచిన కోపం పల్లె పొలిమేర దగ్గర ఆగిపోయింది.

మూడు, ఇదే అసలైంది. ఉద్యమం అడిగింది కర్మాగారం. అడిగినదాన్ని ఇస్తాం అని ప్రభుత్వం మాట ఇచ్చింది. మాట ఇచ్చినవాడిని దించేయాలన్న తెగువ ఆ ఉద్యమానికి లేదు. ఉక్కు వచ్చేదీ వాళ్ళ చేతుల మీదుగానే అనుకున్నారు.

పక్క రాష్ట్రంతో పోల్చి చూడండి. 1965లో మద్రాసు రాష్ట్రంలో హిందీ వ్యతిరేక ఉద్యమం జరిగింది. అక్కడా విద్యార్థులే ముందున్నారు, అక్కడా కాల్పులే. రెండేళ్ళకి 1967లో డీఎంకే అధికారంలోకి వచ్చింది, అన్నాదురై ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రాష్ట్రంలో కాంగ్రెస్ ఆ తర్వాత మళ్ళీ గద్దెనెక్కలేదు. తేడా ఎక్కడుంది? అక్కడ కోపాన్ని మోసుకుపోవడానికి ఒక పార్టీ ఉంది. బ్రాహ్మణేతర ఉద్యమం దశాబ్దాలుగా దున్నిన నేల ఉంది. ఇక్కడ కోపం ఉంది, మోసేవాళ్ళు లేరు.

కాబట్టి తమ్ముడూ, జనానికి కోపం రాలేదనుకోవద్దు. కోపం అసెంబ్లీలోకి వెళ్ళే దారి దొరక్క వేరే దారులు వెతుక్కుంది. ఒక ప్రభుత్వానికి సీట్లు ఉండటం వేరు, పాలించే హక్కు ఉందని జనం మనసులో ఒప్పుకోవడం వేరు. 1967లో బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వానికి మొదటిది ఉంది. రెండోది కారిపోవడం అప్పుడే మొదలైంది. కుండకి సన్న చిల్లు పడితే వెంటనే తెలియదు. తాగబోయినప్పుడు తెలుస్తుంది.

*

ఎలా కారిందో చూడండి.

1967 అక్టోబర్ 31. కాల్పులకి ఇంకా ఒక్క రోజు తక్కువగా ఏడాది. శ్రీకాకుళం ఏజెన్సీలో మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభ. దానికి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధ దారి పట్టింది. అసెంబ్లీ, కోర్టు, వినతిపత్రం అన్న మాటల మీద నమ్మకం పోయిన జనం అడవిలోకి వెళ్ళారు.

1968 ఫిబ్రవరి. కృష్ణా జిల్లా కంచికచర్ల. దొంగతనం నెపం మీద కోటేశు అనే దళిత యువకుడిని కట్టేసి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. ఆ రోజుల్లోనే రాష్ట్ర మంత్రి ఒకాయన హరిజనుల గురించి హీనంగా మాట్లాడారన్న ఆరోపణ పార్లమెంటు దాకా వెళ్ళి పెద్ద గొడవైంది. నేను ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడుగుతాను. 1966లో ఉక్కు కోసం రాష్ట్రం మొత్తం స్తంభించింది. పదహారు నెలల తర్వాత కోటేశు కోసం ఎన్ని ఊళ్ళల్లో బంద్ జరిగింది? ఎన్ని రైళ్ళు ఆగాయి? ఎంతమంది శాసనసభ్యులు రాజీనామా పత్రం రాశారు?

'ఆంధ్రుల హక్కు' అన్న నినాదంలో ఆంధ్రులు ఎవరు? కోటేశు అందులో ఉన్నాడా?

ఈ ప్రశ్న అడిగితే కొందరు మిత్రులకి కోపం వస్తుంది. ఉక్కు అమరుల్ని తక్కువ చేస్తున్నావు అంటారు. లేదు. తుపాకీకి ఎదురు నిలబడిన ఏ పిల్లవాడి ప్రాణమూ నాకు తక్కువ కాదు. నేను అడిగేది జనసమూహాన్ని. ఒక ఉద్యమం ఎవరి కోసం లేస్తుంది, ఎవరి కోసం లేవదు అన్నది కూడా చరిత్రే.

1969. తెలంగాణ. ఉద్యోగాల రక్షణ అమలు కాలేదని మొదలైన ఆందోళన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమైంది. మళ్ళీ విద్యార్థులు, మళ్ళీ కాల్పులు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలో తెలంగాణ ప్రజా సమితి 10 స్థానాలు గెలిచింది. అసెంబ్లీలో నిండుగా మెజారిటీ ఉన్న ముఖ్యమంత్రికి సగం రాష్ట్రంలో మొహం చెల్లలేదు. ఆ ఏడాది సెప్టెంబర్లో బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోయారు. పి.వి. నరసింహారావు గారు వచ్చారు.

1970 ఫిబ్రవరి. మళ్ళీ మన విశాఖ. శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరుగుతున్నాయి. శ్రీకాకుళంలో ఎన్‌కౌంటర్ల పేరుతో మనుషుల్ని చంపుతున్న కాలం. విశాఖ విద్యార్థుల పేరుతో ఒక కరపత్రం పంచారు. రచయితల్ని నిలదీసింది అది, మీరు ఏ పక్షం అని. ఆ కదలిక నుంచే జూలై 4న హైదరాబాదులో విరసం పుట్టింది. మూడున్నరేళ్ళ కింద కర్మాగారం ఇవ్వమని ఢిల్లీని అడిగిన ఊరి విద్యార్థులు ఇప్పుడు ఏమీ అడగడం లేదు. ఎవరి పక్షమో తేల్చుకోమంటున్నారు. అడగడం మానేశారంటే ఇస్తారన్న నమ్మకం పోయిందని అర్థం.

అదే ఏడాది ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ ఉక్కు ప్రకటన చేశారు. సేలం, విజయనగరలతో పాటు. జూలై 10న శ్రీకాకుళం నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం హతులయ్యారు. మూడు నెలల తేడా. ఒక చేత్తో ఇవ్వడం, ఒక చేత్తో చంపడం. నమ్మకం పోయిన రాజ్యం నడిచే పద్ధతి ఇది.

1972 అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు. జై ఆంధ్ర ఉద్యమం. విశాఖ మళ్ళీ మండింది. ఈసారి వీధుల్లో ఉన్న కోపం నిజమే కానీ, వెనక నిలబడిన చేతుల్ని కూడా చూడాలి. పి.వి. గారు భూపరిమితి చట్టం తెచ్చారు. మిగులు భూమి పోతుందని భయపడిన పెద్దలకి ఆ ఉద్యమం కలిసివచ్చింది. 1973 జనవరిలో ప్రభుత్వం పడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఉద్యమం నడిచిందీ ప్రభుత్వం పడిందీ భూమి లేనివాళ్ళ పేరున కాదు. మిగులు భూమి కోసం కళ్ళు కాయలు కాసేలా చూసిన మన పల్లెలకి ఆ ఉద్యమం నుంచి ఏం దక్కిందో మీరే చెప్పండి.

1966 నుంచి 1973. ఏడేళ్ళు. కాల్పుల తర్వాత నాలుగు నెలలకి సుఖంగా గెలిచిన పార్టీ, ఏడేళ్ళకి తన చేతుల్తో రాష్ట్రాన్ని నడపలేక గవర్నర్‌కి అప్పజెప్పింది. తమ్ముడూ, నీ ప్రశ్నకి ఇదీ జవాబు. చావులకి విలువ లేదనుకోకు. ఎన్నికల రోజున కనబడని లెక్క అది.

*

ఇక ఉక్కు సంగతి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ రాయి ఒక్కటే నిలబడి ఉంది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, గోదావరి, వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని హోదాలో పి.వి. గారు జాతికి అంకితం చేశారు. కాల్పుల రోజు నుంచి 26 ఏళ్ళు. తమాషా ఏమిటంటే, ప్రభుత్వ రంగం బరువు అని చెప్పే ఆర్థిక విధానాలు మొదలై అప్పటికి ఏడాది. పుట్టిన బిడ్డకి బారసాల రోజునే దత్తత పత్రం రాసినట్టు.

భూమి ఎవరిది? 60కి పైగా గ్రామాలు, సుమారు 26 వేల ఎకరాలు. నిర్వాసితులకి ఆర్‌–కార్డులు ఇచ్చారు, కుటుంబానికి ఉద్యోగం అన్న ఆశతో. వేల కార్డుదారులు నేటికీ ఆ ఉద్యోగం కోసం చూస్తున్నారు. కొందరు తండ్రి కార్డు పట్టుకుని కొడుకులు, ఇప్పుడు మనవలు తిరుగుతున్నారు.

భూసేకరణ ఏ చట్టం కింద జరిగేది? 1894 నాటి చట్టం. దాని కంటికి పట్టా ఉన్నవాడు కనిపిస్తాడు. ఆ పొలంలో కూలి చేసేవాడు, ఆ పొలం గట్టు మీద గడ్డి కోసి గేదెను మేపేది, ఆ ఊరి చెరువులో చేపలు పట్టేవాడు కనిపించరు. భూమి పోతే రైతుకి పరిహారం. కూలి పోతే కూలీకి ఏమిటి? ఆ కూలీ కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా చూడాలని చట్టంలో రాయడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంత చెప్పాక, రెండో వైపు కూడా చెప్పాలి. చెప్పకపోతే అబద్ధం అవుతుంది.

ఉద్యమం మనల్ని తలుచుకోకపోయినా రాజ్యాంగం తలుచుకుంది. కర్మాగారం ప్రభుత్వ రంగంలో వచ్చింది కాబట్టి రిజర్వేషన్ వచ్చింది. అఖిల భారత నియామకాల్లో ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5 శాతం. ఉక్కునగరం క్వార్టర్లలో మాల మాదిగ పిల్లలు బ్రాహ్మణ, కమ్మ పిల్లల పక్క గుమ్మంలో పెరిగారు. ఒక టెక్నీషియన్ జీతంతో ఒక తరం ఇంజినీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు అయింది. నాకు తెలిసిన అంబేడ్కర్ సంఘాల్లో చందా పుస్తకం తెరిస్తే మొదటి పేజీల్లో ఉండేవి ఈ ఉద్యోగుల పేర్లే. హాస్టల్ పిల్లలకి పుస్తకాలు కొన్నది, కోర్టు కేసులకి డబ్బు పెట్టింది ఆ జీతాలే.

అంటే 'ఆంధ్రుల హక్కు'లో మన వాటాని మనకి ఇచ్చింది వీధి కాదు, అంబేడ్కర్ రాసిన కాగితం.

అందుకే 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఈ కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, మిగతావాళ్ళకి పోయేది ఒకటి, మనకి పోయేది రెండు. వాళ్ళకి కర్మాగారం పోతుంది. మనకి కర్మాగారంతో పాటు తలుపు కూడా పోతుంది. ప్రైవేటు యజమాని రోస్టర్ రిజిస్టర్ పెట్టక్కర్లేదు. అమ్మకం దాకా పోనక్కర్లేదు కూడా. పర్మినెంట్ ఉద్యోగి రిటైరైన చోట కాంట్రాక్టు మనిషిని పెడితే చాలు, ఆ పోస్టులో రిజర్వేషన్ నిశ్శబ్దంగా చచ్చిపోతుంది. దానికి కాల్పులు అక్కర్లేదు.

*

2021 తర్వాత జరిగింది మీ కళ్ళ ముందే. 1966 పక్కన పెట్టి చూడండి.

అప్పుడు దీక్ష ఉంది. ఇప్పుడు కూర్మన్నపాలెం దగ్గర రిలే దీక్షలు వెయ్యి రోజులు దాటి నడిచాయి. అప్పుడు శాసనసభ ఏకగ్రీవ తీర్మానం. ఇప్పుడూ 2021 మేలో శాసనసభ తీర్మానం చేసింది. అప్పుడు రాజీనామాలు. 2021 ఫిబ్రవరిలో గంటా శ్రీనివాసరావు గారు శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. దాన్ని ఆమోదించింది 2024 జనవరిలో, ఎన్నికలకి సుమారు నాలుగు నెలల ముందు. 1966లో రాజీనామా అంటే సీటు పోయేది. మన కాలంలో అది మూడేళ్ళు బల్ల సొరుగులో పడుకుంటుంది. ఒక్క మనిషిని అనడం లేదు. రాజీనామా అన్న ఆయుధమే ఎంత మొద్దుబారిందో చెప్తున్నాను.

2024లో గాజువాక ఓటరు రాష్ట్రంలోనే అత్యధిక మెజారిటీ ఇచ్చి ఒక ఎమ్మెల్యేని పంపాడు. 95 వేలు పైన. ఆయన 2021లో ఉక్కు కోసం దీక్ష చేసిన పల్లా శ్రీనివాసరావు గారు. ఆ ఓటు ఒక పార్టీ మీద ప్రేమ అని నాయకులు అనుకుంటే పొరపాటు. కర్మాగారాన్ని కాపాడమని ఇచ్చిన జీపీఏ అది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. మంచిదే. అదే ఏడాది వేల మంది కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు, వాళ్ళు సమ్మెకి దిగారు. సొంత గనులు ఇవ్వాలన్న పాత డిమాండు పాతగానే ఉంది. కర్మాగారాన్ని బతికిస్తున్నాం అంటూ కార్మికుణ్ణి బయటికి పంపితే, బతికింది ఏమిటి?

శ్రీలంకలో 2022లో జనం అధ్యక్ష భవనంలోకి వెళ్ళారు. బంగ్లాదేశ్‌లో 2024 ఆగస్టులో ప్రధాని దేశం వదిలి వెళ్ళారు. మన యువకులు ఆ వీడియోలు చూసి ఉత్సాహపడ్డారు. నేను కాదనను. కానీ పాలకుడు పారిపోయిన మర్నాడు పొద్దున్న తేయాకు తోట కూలీ ఎక్కడున్నాడు, బట్టల ఫ్యాక్టరీ అమ్మాయి ఎక్కడుంది, మైనారిటీ వాడలో రాత్రి ఎలా గడిచింది అన్నది నా మొదటి ప్రశ్న. తిరుగుబాటు గొప్పదనం ఆ రోజు గుంపుని బట్టి తెలియదు. ఆ తర్వాతి ఏడేళ్ళలో తెలుస్తుంది.

*

చివరగా బాబాసాహెబ్ దగ్గరికి రావాలి. ఎందుకంటే ఈ వ్యాసం చదివి ఒకరైనా అంటారు, అంబేడ్కర్ వీధి పోరాటాలు వద్దన్నాడు కదా అని.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన ప్రసంగంలో రెండు హెచ్చరికలు ఉన్నాయి. రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహం, సహాయ నిరాకరణ లాంటివి అరాచకానికి దారి తీస్తాయని ఒకటి. రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, ఈ వైరుధ్యాన్ని త్వరగా తీర్చకపోతే బాధపడేవాళ్ళు ఈ ప్రజాస్వామ్య కట్టడాన్నే కూల్చేస్తారని రెండోది. పాలకులు మొదటిదాన్ని మాత్రమే చదువుతారు. కొందరు ఉద్యమకారులు రెండోదాన్ని మాత్రమే చదువుతారు. ఆయన రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు.

1966ని ఈ రెండు హెచ్చరికల మధ్య పెట్టి చూడండి. రాజ్యాంగబద్ధమైన దారి తొక్కారు. శాసనసభ ఏకగ్రీవంగా అడిగింది. ఆ తలుపు ఢిల్లీ మూసింది. అరాచకం అక్కడ మొదలైంది, విద్యార్థి చేతిలో రాయితో కాదు. 32 ప్రాణాల తర్వాత తెరుచుకున్న తలుపు, తీర్మానం దగ్గర ఎందుకు తెరుచుకోలేదు? కాగితానికి విలువ లేదు, శవానికే విలువ అని రాజ్యమే జనానికి నేర్పింది. 1952లో పొట్టి శ్రీరాములు గారి విషయంలోనూ అదే నేర్పింది. ఆయన ప్రాణం పోయాకే ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. అదే శ్రీరాములు గారు అంతకు ముందు నెల్లూరులో దళితుల ఆలయ ప్రవేశం కోసం కూడా దీక్ష చేశారని ఎంతమంది పిల్లలకి చెప్తున్నారు?

రాజ్యం ఇలాంటి పాఠం నేర్పితే ఎక్కువ నష్టపోయేది మనమే. శవం లెక్కలో కూడా మన శవం చిన్నది కాబట్టి. కోటేశు దగ్గర చూశాం. అందుకే కాగితం విలువ నిలబడటం మన అవసరం. ఆ విలువ నిలబెట్టడానికే వీధిలో ఉండటం కూడా మన అవసరం.

విద్యార్థి మిత్రులకి నేను అడిగేది చిన్న పని. ఉక్కు ఉద్యమ సభకి వెళ్ళండి, జెండా పట్టండి. అక్కడ మైకు దొరికితే మూడు ప్రశ్నలు అడగండి. కాంట్రాక్టు పోస్టుల్లో రిజర్వేషన్ సంగతి మీ డిమాండ్ల పత్రంలో ఉందా? కూలి పోయిన నిర్వాసితుడి పేరు ఉందా? వేదిక మీద కూర్చున్నవాళ్ళలో మన పేట మనిషి ఉన్నాడా? లేకపోతే వెళ్ళిపోవద్దు. రాయించి కూర్చోండి. 1966లో మన తాతలు వీధిలో ఉన్నారు, పత్రంలో లేరు. ఆ తప్పు మళ్ళీ జరగకూడదు.

నాయనమ్మ పోయే ముందు సంవత్సరం, టీవీలో ఉక్కు ధర్నా చూపిస్తుంటే పక్కన కూర్చుని చూసింది. జ్ఞానాపురంలో మా ఇంటి కిటికీ రెక్కల మీద ఎప్పుడూ ఒక పొర దుమ్ము ఉంటుంది. ఎర్రది తగ్గి నల్లది పెరిగింది, అంతే తేడా. చీర కొంగుతో అది తుడుస్తూ అంది. "ఉక్కొచ్చినాది, పోర్టు పెరిగినాది. అన్నీ ఒచ్చినాయి. మన పేటకి ఒచ్చింది ఏటిరా నాయినా, ఈ దుమ్మేనా?"

దుమ్ము ఒక్కటే కాదు నాయనమ్మా, ఒక తలుపు కూడా వచ్చింది అని చెప్పాను. అది మూసేస్తున్నారు అని చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

వచ్చే భాగంలో గంగవరం మత్స్యకారుల గురించి.

జై భీమ్.